తెర మీద నా పాత్ర

హైదరాబాద్ నుంచి మేడ్చల్ దాటి ఉత్తరానికి పోతే తూప్రాన్ వస్తుంది. విప్లవ గాయకుడు గద్దర్ పుట్టిన ఊరు. శామీర్‌పేట దాటి పోతే ప్రజ్ఞాపూర్. ‘మా భూమి’ తీయించిన, ‘దాసి’ తీసిన బి. నర్సింగరావు పుట్టిన ఊరు. శామీర్‌పేట నుంచి వెనక్కి సికింద్రాబాద్ వైపు వస్తే అల్వాల్, ఆ తర్వాత తిరుమలగిరి. 1934లో దర్శకుడు శ్యామ్ బెనెగల్ పుట్టింది అక్కడే. ఇంత పెద్ద దేశంలో భూమి గురించి, దొరతనం గురించి, వెట్టి గురించి నిజాయితీగా సినిమాలు తీసిన, పాటలు పాడిన మనుషులు ఇంతమంది రెండు రోడ్ల మీద, ఒకరికొకరు ఇంత దగ్గరలో పుట్టిన చోటు ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. నేను పుట్టి పెరిగింది ఆ రెండు రోడ్ల నడుమ. మీసాలు మొలవకముందు నుంచీ ఎర్ర సినిమాలు చూస్తున్నాను, వాటిని ప్రాణంగా ప్రేమించాను. అన్నింటినీ తప్పుగా చూశాను.

ప్రతి సినిమాలోనూ నేను పీడితుడి పక్షాన కూర్చున్నాను. నన్ను ఎవరూ అక్కడ కూర్చోబెట్టలేదు. ‘మా భూమి’ రామయ్య నేనే, ‘ఒసేయ్ రాములమ్మ’లో రాములమ్మ కన్నీళ్లు నావే, ఎర్రజెండా పట్టుకుని గుట్ట ఎక్కే కుర్రవాడిని నేనే అనుకున్నాను. నా బతుకు ఆ కథలో ఏ పాత్రకు దగ్గరగా ఉందో ఒక్కసారైనా పోల్చి చూసుకోలేదు. ఇది తెలివితక్కువతనం అని ఇప్పుడు తెలుస్తున్నది. దాని ఖరీదు నేను కట్టలేదు. వేరేవాళ్లు కట్టారు. అందుకే రాస్తున్నాను.

మాకు అంగూర్ తోట ఉండేది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్లు నిండుగా కాసిన రోజులవి. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో నాలుగెకరాలున్న ప్రతివాడూ ఇనుప తీగలు లాగి పందిరి వేశాడు. మా నాయన పెద్ద భూస్వామి కాదు, దొర అంతకంటే కాదు. అయినా తోటకు ఒక జీతగాడు ఉండేవాడు. సాలుకు ఇంత అని మాట్లాడుకుని, ముందే కొంత బాకీ ఇచ్చి, ఆ బాకీ తీరేలోగా పెండ్లో చావో వస్తే ఇంకొంత ఇచ్చి, ఏళ్లకేళ్లు కట్టి ఉంచుకునే పద్ధతి. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. మా ఇంట్లో ఆ చట్టం పేరు ఎవరూ ఎత్తలేదు. తప్పు చేస్తున్నామని కూడా ఎవరికీ అనిపించలేదు. అతను తెల్లారకముందే వచ్చి పశువుల దగ్గర పేడ తీసేవాడు, తీగలకు మందు కొట్టేవాడు, చీకటి పడ్డాక మా ఇంటి వెనుక అరుగు మీద అన్నం తినేవాడు. నాకంటే చాలా పెద్దవాడు. నన్ను ‘చిన్న పటేలా’ అనేవాడు. నేను అతన్ని ‘రా’ అనేవాడిని.

1994లో ఆర్. నారాయణమూర్తి ‘ఎర్ర సైన్యం’ వచ్చింది. అప్పటికి నేను ఇంటర్మీడియట్. ‘అర్ధరాత్రి స్వతంత్రం’ 1986 నాటిది, దాన్ని వీడియోలో చూశాను. ‘లాల్ సలాం’, ‘దండోరా’ థియేటర్లో చూశాను. నారాయణమూర్తి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. తూర్పు గోదావరి మల్లంపేట నుంచి వచ్చిన ఆ మనిషి తన సినిమాకు తానే నిర్మాత, దర్శకుడు, నటుడు. ఊళ్లలో జనాన్ని తెర మీదికి తెచ్చాడు. వంగపండు, గద్దర్, గోరటి వెంకన్నల పాటలను సినిమా హాళ్లలోకి నడిపించాడు. మార్కెట్టు ఆయన్ని వదిలేసిన తర్వాత కూడా ‘అన్నదాత సుఖీభవ’, ‘రైతన్న’ అంటూ రైతు గురించే తీశాడు. ఆయన మాట్లాడిన దానికీ, బతికిన దానికీ తేడా కనిపించదు. తేడా ఉన్నది నాలో.

‘ఎర్ర సైన్యం’ చూసి రాత్రి ఇంటికొచ్చిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. ఒళ్లంతా వేడెక్కి ఉంది. పాటలు నోట్లో ఆడుతున్నాయి. వాకిట్లో జీతగాడు కండువా పరచుకుని పడుకున్నాడు. నీళ్లు కాగబెట్టమని లేపాను. లేచాడు. పొయ్యి ముట్టించాడు. ఆ మంట వెలుగులో నేను మిత్రుడికి సినిమా కథ చెబుతున్నాను, దొర గడీ మీదికి జనం వచ్చే ఘట్టం. అతను పొయ్యి ఊదుతూ వింటున్నాడు. నాకు ఆ రెండూ ఒకే చోట జరుగుతున్నాయని తట్టలేదు. ఆ రాత్రే కాదు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు తట్టలేదు.

‘దాసి’ని దూరదర్శన్‌లో చూశాను. ఆదివారం మధ్యాహ్నం అవార్డు సినిమాలు వేసేవాళ్లు కదా, ఆ వేళలో. 1988 సినిమా. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు తెచ్చింది. ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళకు చిత్రకారుడు తోట వైకుంఠానికి కూడా అవార్డులు వచ్చాయి. నిజాం కాలపు గడీలో కమలాక్షి అనే దాసి కథ. మాటలు చాలా తక్కువ. ఊడ్చడం, నీళ్లు మోయడం, దొరసాని వెనుక నిలబడటం, రాత్రి దొర పిలిస్తే వెళ్లడం. ఆమె కడుపుతో ఉందని తెలిసి ఆ కడుపు తీయిస్తారు. తిరుగుబాటు లేదు. జెండా లేదు. నాకు విసుగొచ్చింది. ‘ఒక్క ఫైటు కూడా లేదు, ఇదేం విప్లవ సినిమా’ అని పైకే అన్నాను. మా ఇంట్లో అంట్లు తోమే అవ్వ గడప అవతల కూర్చుని చూస్తున్నది. సోఫా మీద కాదు, చాప మీద కాదు, గడప అవతల. సినిమా మధ్యలో చాయ్ పెట్టమన్నాను. ఆమె లేచి వెళ్లింది. చాయ్ తెచ్చేసరికి ఆ భాగం అయిపోయింది. ‘ఏమాయె బిడ్డా, ఆ పిల్ల ఏమాయె?’ అని అడిగింది. ‘ఏం కాలే’ అన్నాను.

నర్సింగరావు భూములున్న కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ప్రజ్ఞాపూర్ మా ఇంటికి బస్సులో గంట లోపు. ఆయన అంత శ్రద్ధగా ఆ ఇంటి వెనుక వాకిలి చూపించింది ఎవరి కోసం? గడీలో పుట్టిపెరిగినవాళ్లకు, వాళ్లలాగే బతకాలని చూసే నాలాంటి చిన్న పటేళ్లకు తమ ఇల్లు వెనుక నుంచి ఎలా కనిపిస్తుందో తెలియాలని కాదా? కమలాక్షి నాకు కొత్త కాదు. ఆమె చేసే పనులన్నీ మా ఇంట్లో ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. అందుకే నాకు ఆ సినిమాలో ఏమీ జరుగుతున్నట్టు అనిపించలేదు.

1997 సంగతి చెప్పడం కష్టంగా ఉంది. ఆ మార్చిలో ‘ఒసేయ్ రాములమ్మ’ వచ్చింది. దాసరి నారాయణరావు దర్శకత్వం, విజయశాంతి. రాష్ట్రమంతా ఊగిపోయింది. నేను మిత్రులతో సికింద్రాబాద్ వెళ్లి పదే పదే చూశాను. ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో గద్దర్ ఇంటికి వచ్చిన గుర్తుతెలియని మనుషులు ఆయన మీద కాల్పులు జరిపారు. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా దాన్ని మోస్తూనే ఆయన ఆడాడు, పాడాడు. వార్త తెలిసి నేను అల్వాల్‌లో బస్సు దిగాను. జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు, పోలీసులు ఉన్నారు, ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నాకు కలిగింది దుఃఖం కాదు. ఒక ఉద్రేకం, దాదాపు సంతోషం. సినిమాలో విశ్రాంతికి ముందు వచ్చే ఘట్టంలాగా చూశాను. ఇప్పుడేం జరుగుతుంది, ఎవరు పగ తీర్చుకుంటారు అని మాట్లాడుకుంటూ తిరిగి బస్సు ఎక్కాం. ఒక మనిషి వెన్నులో ఇనుము దిగిందని, ఆ ఇంట్లో భార్యాపిల్లలున్నారని ఆలోచించలేదు. నా ఎర్ర సినిమాలు నాకు నేర్పింది ఇదని అనను. సినిమాలు వేరే సంగతి చెప్పాయి, నేను దాన్ని కేవలం మజాగా తీసుకున్నాను. అదే ఏడాది నవంబర్ 19న ‘శ్రీరాములయ్య’ సినిమా ప్రారంభోత్సవం దగ్గర కారుబాంబు పేలి 26 మంది చచ్చిపోతే, దాన్నీ అలాగే చదివాను.

ఆలోచిస్తే ఆ జనరంజక ఎర్ర సినిమాల్లో ఒక సౌకర్యం ఉంది. టి. కృష్ణ ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’, మాదాల రంగారావు ‘ఎర్రమల్లెలు’, ఆ తర్వాత వచ్చినవీ నాకు ఇష్టమే. ఇప్పటికీ ఇష్టమే. కానీ వాటిలో దుర్మార్గుడు మరీ దుర్మార్గుడు. పొద్దున లేస్తే ఎవరినో తొక్కుతాడు, రాత్రికి ఎవరినో చెరుస్తాడు. అలాంటివాడిని చూసి హాల్లో ఉన్న ఏ పటేలూ ఏ షావుకారూ ఏ కాంట్రాక్టరూ ‘ఇది నేనే’ అనుకోడు. మేమంతా ఒకేసారి వాడిని తిట్టి, ఒకేసారి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి ఎవరి జీతగాడిని వాళ్లం లేపాం.

ఈ విషయంలో నాకంటే 1939 నాటి జమీందార్లే నిజమైన ప్రేక్షకులు. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీస్తే దాని మీద జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల సినిమా ఆడకుండా చేశారు. ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు ఉన్నా సరే, మిగతావాళ్లు ఊరుకోలేదు. వాళ్లు చేసింది అన్యాయమే. అయినా ఒక పని సరిగా చేశారు. తెర మీద తమను తాము గుర్తుపట్టారు.

తోట ఎండిపోయింది. బోర్లు అడుగంటాయి, తర్వాత రింగు రోడ్డు వచ్చింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మేడ్చల్ దగ్గర, శామీర్‌పేట దగ్గర దిగే చోట్లు ఏర్పడగానే భూమి ధర మేం ఊహించనంత ఎత్తుకు పోయింది. తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు, మేడ్చల్ వైపు గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు. మేం తోట అమ్మి, ఆ డబ్బుతో ఫ్యాక్టరీల దగ్గర వరుస గదులు కట్టాం. రేకుల కప్పు, ఒక్కో గదికి ఒక తలుపు, ఒక కిటికీ, వరుస చివర బాత్రూములు. బిహార్, ఒడిశా, ఝార్ఖండ్ కుర్రవాళ్లు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఇప్పుడు మా ఇంటి ఆదాయం అదే. నేను చేసే పని నెలకోసారి వెళ్లి అద్దె తెచ్చుకోవడం.

2020 మార్చిలో లాక్‌డౌన్. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మూడు నెలలు అద్దెలు అడగొద్దని ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అది పేపర్లో చదివి మంచి నిర్ణయం అన్నాను. పైగా ఆ రోజుల్లో ఖాళీగా ఉండి పాత సినిమాలు వెతికి చూస్తున్నాను. బిమల్ రాయ్ ‘దో బిఘా జమీన్’ ఒక రాత్రి చూశాను. 1953 నాటి సినిమా. రెండు బిఘాల పొలం నిలబెట్టుకోవడానికి కలకత్తా వెళ్లి రిక్షా లాగే రైతుగా బల్‌రాజ్ సాహ్ని. రిక్షా చక్రం ఊడే ఘట్టంలో ఏడ్చాను. నిజంగా ఏడ్చాను, మా ఆవిడ లేచి వచ్చి ఏమైందని అడిగింది.

మర్నాడు గదుల దగ్గరికి వెళ్లి అద్దె అడిగాను. గట్టిగా అడగలేదు. తిట్టలేదు. ‘మాకూ ఖర్చులుంటయి కదా తమ్మీ, ఎంతో కొంత సర్దు’ అన్నాను. ఆ మాట మర్యాదగానే అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లలో ఒక కుర్రవాడు లోపలికి వెళ్లి, కొన్ని నోట్లు తెచ్చి ఇచ్చాడు. మిగతాది కంపెనీ తెరిచాక ఇస్తానన్నాడు. తీసుకున్నాను.

కొద్ది రోజులకు మేడ్చల్ రోడ్డు మీద మనుషులు కనిపించారు. జాతీయ రహదారి 44. నాగ్‌పూర్ వైపు నడుస్తున్నారు. సంచులు నెత్తిన, పిల్లలు భుజాన, కాళ్లకు అరిగిన చెప్పులు. ఊరివాళ్లు కొందరు అన్నం పొట్లాలు, మజ్జిగ పంచారు. వాళ్లకు ఈ జన్మలో దండం పెట్టాలి. నేను ఫోన్‌తో వీడియో తీశాను. మేం చిన్నప్పటి నుంచి సినిమాల్లో చూసిన జనప్రవాహం ఇదే అనిపించింది. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. ఆ రైలు బయలుదేరేసరికి మా గదుల్లో నాకు నోట్లు తెచ్చి ఇచ్చిన కుర్రవాడు లేడు. గదికి తాళం వేసి, తాళంచెవి పక్క గదిలో ఇచ్చి, రైలు వస్తుందన్న సంగతి తెలియకముందే నడిచి వెళ్లిపోయాడు. గదిలో ఒక బకెట్టు, ప్రెషర్ కుక్కర్, చిన్న ఫ్యాను ఉన్నాయి.

‘అంకుర్’ ఆ తర్వాతే చూశాను. 1974 సినిమా. బెనెగల్ మొదటి సినిమా, షబానా ఆజ్మీకీ మొదటిదే. అల్వాల్ తిరుమలగిరి వైపు పెరిగిన మనిషి చెవిలో పడిన దక్కనీ యాస దాని నిండా ఉంది. ఇన్నేళ్లూ ఎందుకు చూడలేదంటే, హిందీ కదా అని ఒకటి, ఆర్ట్ సినిమా కదా అని ఒకటి. అందులో సూర్య అనే యువకుడు ఉన్నాడు, అనంత్ నాగ్ వేశాడు. పట్నంలో చదువుకున్నవాడు. తండ్రి భూములు చూసుకోవడానికి ఊరికి వస్తాడు. చెడ్డవాడు కాదు. కులం పట్టింపు లేదని చెప్పుకుంటాడు, కుమ్మరి లక్ష్మి చేతి వంట తింటాడు. తాను తన తండ్రి లాంటివాడు కాదని గట్టిగా నమ్ముతాడు. చివరికి ఆ లక్ష్మిని గర్భవతిని చేసి పట్టించుకోడు, ఆమె మూగ భర్త పని అడగడానికి వస్తే, తనను కొట్టడానికి వస్తున్నాడనుకుని భయపడి కొరడాతో కొడతాడు. సూర్య భయపడటం చూస్తుంటే నా గొంతు తడారిపోయింది. ఎందుకంటే తెర మీద మొదటిసారి నాకు తెలిసినవాడు కనిపించాడు. మీసాలు మెలేసే దొర కాదు. మంచి మాటలు మాట్లాడే, పాటలు వినే, తన గురించి తాను మంచి అభిప్రాయం ఉన్న చిన్న పటేలు.

అప్పుడు ‘మా భూమి’ మళ్లీ చూశాను. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, 1980లో విడుదలైన సినిమా. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి మూలం. రామయ్యగా సాయిచంద్. కాలేజీ రోజుల్లో చూసినప్పుడు బండి యాదగిరి పాట గద్దర్ గొంతులో వస్తుంటే ఈలలు వేశాను, రామయ్య ఎక్కడికి వెళ్తే అక్కడికి నా మనసూ వెళ్లింది. ఈసారి చివరి భాగం మీదే నా కళ్లు ఆగిపోయాయి. 1948 పోలీసు చర్య తర్వాత పారిపోయిన దొరలు తిరిగి ఊళ్లోకి వస్తారు. ఈసారి వాళ్ల నెత్తిన గాంధీ టోపీలు ఉంటాయి. మనుషులు వాళ్లే, భూమి అదే. మొదటిసారి చూసినప్పుడు ఆ ఘట్టం కాంగ్రెస్ మీద విమర్శ అని, అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. టోపీ ఏ రంగుదైనా కావచ్చునని, ఎర్రదీ కావచ్చునని అప్పుడు నాకు తోచలేదు. ఎర్ర కండువా కప్పుకుని మే డే సభకు వెళ్లి, వెంటనే వచ్చి అద్దె లెక్క చూసుకున్న రోజులు నాకున్నాయి.

ఇంత చెప్పాక కూడా నేను ఆ సినిమాలను వదులుకోలేను. మా అబ్బాయి ‘విరాట పర్వం’ చూసి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. 2022లో వచ్చిన ఆ సినిమా గురించి మా ఇద్దరికీ చాలా వాదన జరిగింది. అందులోని వెన్నెల నువ్వు కాదు నాయనా, అని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ వయసులో ఆ కన్నీళ్లు నిజం. అవి వచ్చి ఆగిపోతే తప్పు. నావి ఆగిపోయాయి. బదులుగా వాడిని నాతో గదుల దగ్గరికి తీసుకెళ్లాను. బాత్రూములు చూడమన్నాను. వరుసకు ఎంతమంది, కుళాయికి ఎంతసేపు నీళ్లు, ఎండాకాలం రేకుల కింద ఎలా ఉంటుంది అని అడగమన్నాను. వాడు అడిగాడు. వాళ్లు చెప్పింది విని వాడు నన్ను చూసిన చూపు నాకు ఏ సినిమాలోనూ కనిపించలేదు. రేకుల కింద సీలింగు వేయిస్తున్నాం, మరో రెండు బాత్రూములు కట్టిస్తున్నాం. ఇవి గొప్ప పనులని చెప్పడం లేదు. గదులు కట్టిన రోజే చేయాల్సినవి.

జీతగాడు చనిపోయాడు. అతని కొడుకు కొంపల్లి దగ్గర లారీ నడుపుతాడని తెలిసి వెళ్లి కలిశాను. మా నాయన అతని తండ్రికి రాసిపెట్టిన బాకీ లెక్కల సంగతి అడిగాడు. నా దగ్గర ఆ పుస్తకం లేదని చెప్పాను. నిజంగానే లేదు. ‘మీకు బాకీ ఏం లేదు, మేమే మీకు బాకీ’ అన్నాను. అతను ‘అయిపోయిన ముచ్చట తియ్ పటేలా’ అన్నాడు. ఇప్పటికీ పటేలా అనే అన్నాడు.

దొరకనివాడు లాక్‌డౌన్‌లో నడిచి వెళ్లిపోయిన ఆ బిహార్ కుర్రవాడు. గది తీసుకునేటప్పుడు ఒక నెల అడ్వాన్సు కట్టాడు. అది నా దగ్గరే ఉంది. లాక్‌డౌన్ నెల అతని దగ్గర తీసుకున్న నోట్లూ నా దగ్గరే ఉన్నాయి. అతని నంబరు పనిచేయదు. బిహార్ నుంచి వచ్చిన వేరే కుర్రవాళ్లను అడిగాను. పేరేమిటని వాళ్లు అడిగారు. ఇంటికొచ్చి అద్దె పుస్తకం తీశాను. ఆ గదికి ఎదురుగా నా చేతిరాతతో ‘బిహార్ - 4’ అని ఉంది. తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. అతని పేరు కూడా ఎక్కడా రాయలేదు.